కౌండిన్యవనమున ఏనుఁగులు

సుమారు రెండువందల యేండ్లు మన కుప్పము, పలమనేరు అడవులలో ఏనుఁగు లేదు. కావ్యములలోని గజవర్ణనములు పాఠము చెప్పినవాఁడనే గాని, దాని కాలిజాడ నెఱుఁగనైతిని. 1980వ దశాబ్దమున హోసూరు వైపు అడవులు తెగి, మేఁతయు నీరును కొఱఁతపడఁగా, గుంపులు ఎల్ల దాఁటి యిటు వచ్చినవి. 1990లో ఈ యడవి కౌండిన్య అభయారణ్యమయ్యెను.

ఏనుఁగునకు దినమునకు సుమారు 150 కిలోల మేఁత వలయును. అది కొమ్మలు విఱిచినచోట నేలకు వెలుతురు సోఁకి పచ్చిక మొలచును; దాని పేడలోని విత్తులు దూరమునఁ జెట్లగును. మేలు అడవికి, నష్టము మాత్రము చెఱకు, రాగి వేసిన రైతునకు. కందకములు త్రవ్విరి, సౌరవిద్యుత్తు కంచెలు కట్టిరి. గుంపులను మరలించుటకు 2025లో కర్ణాటకమునుండి శిక్షితములైన కుంకీ యేనుఁగులను దెచ్చిరి. ఈ నడుమ రైతులును జచ్చిరి, ఏనుఁగులును జచ్చినవి. రైతును నిందించువారు ఒక్కరాత్రి మంచెపైఁ గూర్చుండి చూడవలయును. వేసవిలో అడవికుంటలు నిండియున్నచో అవి యింతగా పొలములకు దిగవని నా తలంపు.