ముట్లుడిగిన స్త్రీలు, హార్మోను మాత్ర, గుండె

1942లో చూలు గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర ‘ప్రెమరిన్’ అమెరికా విపణిలో ప్రవేశించినపుడు, ముట్లుడిగిన స్త్రీలకు ఒక్కసారిగా ఒడలెల్ల సెగలెగసి, నడిరేయి చెమటతో పక్క తడిసి నిద్ర చెడు బాధను తగ్గించుటయే దాని పని. ఆ పనిని అది చక్కగా నెఱవేర్చెను. అయితే ముట్లుడుగక పూర్వము స్త్రీలలో గుండెపోటు అరుదై, పిదప క్రమముగా హెచ్చుచుండుటచే, తఱిగిన హార్మోనును పూరించినచో హృదయమునకును రక్ష చేకూరునను ఆశ వైద్యలోకమున బలపడెను.

హృద్రోగులైన పురుషులకు ఈస్ట్రోజెన్ ఇచ్చి చూచిన పరీక్షయందు మేలు కానరాకపోగా కీడే పొడసూపినందున, 1970లో పెద్ద మోతాదును, 1973లో చిన్న మోతాదును మానిపించిరి. స్త్రీల విషయమున ఆ హెచ్చరికకు దక్కవలసిన గౌరవము దక్కలేదు. 1975లో ఈస్ట్రోజెన్ మాత్రమే వాడినవారిలో గర్భాశయపు లోపొర క్యాన్సరు హెచ్చుననియు తేలగా, గర్భాశయ రక్షణకై ఈస్ట్రోజెన్‌కు ప్రొజెస్టిన్ అను మఱొక హార్మోనును జోడించిరి.

1985లో ఒకే వైద్యపత్రిక ఒకే సంచికలో, అమెరికా నర్సుల అధ్యయనము ఈ మాత్ర వాడినవారికి గుండెజబ్బు తక్కువనియు, ఫ్రామింగ్‌హామ్ అను ఊరి హృద్రోగ అధ్యయనము ఎక్కువనియు ప్రకటించినవి. లోకము మొదటి మాటనే చేపట్టెను. మాత్ర వాడువారు సాధారణముగా చదువును కలిమియు గలిగి, తఱచు వైద్యుని దర్శించువారగుటచే, వారి ఆరోగ్యము మాత్ర వలన కలిగినదో, జీవితస్థితి వలన కలిగినదో కేవల పరిశీలనముచే తేల్చుట దుష్కరము.

ఆ చిక్కును విడదీయుటకు ఎవరికి మందు, ఎవరికి మందులేని ఉత్తమాత్ర అనునది చీటీలెత్తినట్లు నిర్ణయించు పరీక్ష కావలసివచ్చెను. 1998లో, అప్పటికే హృద్రోగము గల 2,763 మంది స్త్రీలపై జరిపిన పరీక్షలో మొత్తముమీద మేలు లేకపోగా, మొదటి యేట గుండెపోట్లు హెచ్చినవి. 2002 జూలైలో ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అను స్త్రీల ఆరోగ్య అధ్యయనము వారు 16,608 మంది స్త్రీలపై సాగుచుండిన మిశ్రమ హార్మోను పరీక్షను గడువునకు ముందే నిలిపివేసిరి: ఏడాదికి పదివేలమందికి లెక్కింపగా గుండెజబ్బు ఘటనలు ఉత్తమాత్ర మ్రింగినవారిలో 30, మందు మ్రింగినవారిలో 37; పక్షవాతము, రొమ్ము క్యాన్సరు సైతము హెచ్చి, తుంటియెముక విఱుగుట మాత్రము తగ్గెను.

ఈ వార్తకు భీతిల్లి, సెగలతో నిజముగా బాధపడు స్త్రీలును మందు మానిరి. కాని పరీక్షలోని వారి సగటు వయస్సు 63. ముట్లుడిగిన తొలి పదియేండ్లలో మొదలిడినవారికి గుండె విషయమున అంతటి కీడు కానరాలేదని 2007 నాటి విశ్లేషణము సూచించెను. కనుకనే నేటి వైద్యులు అఱువదియేండ్లలోపు స్త్రీలకు, ఇతర ప్రమాదములను తూచి, బాధోపశమనమునకై ఈ చికిత్సను ఇత్తురు గాని, హృదయరక్షణకై ఇయ్యరు.

మందో ఉత్తమాత్రయో యెఱుగకయే ఏండ్లకొలది మ్రింగి, అర్ధశతాబ్దపు నమ్మకమును నిగ్గుదేల్చిన ఆ వేలాది స్త్రీలకు వైద్యశాస్త్రము ఋణపడియున్నది. స్త్రీలకు మేలు చేయగోరువారు ఊహను ఔషధముగా అందింపక, ముందు పరీక్షించి చూపుటయే ఆ ఋణమును తీర్చు మార్గము.