కవాతులో అడ్జుటెంటు స్థానము

మంథనికి మంత్రపురి యని పేరు. గోదావరి తీరమున తరతరములుగ వేదపాఠము నిలిచిన ఈ పురమున 'పదము', 'క్రమము' అను మాటలు క్రొత్తవి కావు. మంత్రమును మొదట పదములుగ విడదీసి, పిదప ఒకటవ పదమును రెండవదానితోను, రెండవదానిని మూడవదానితోను ముడివేయుచు సాగించు పఠనమునకు క్రమపాఠమని పేరు. పదమనగా మాటయు అగును, పాదమును అగును. క్రమమను మాటకు అడుగు వేయుటయే మూలార్థము. పంద్రాగస్టున మన పిల్లలు చేయు కవాతునకు మూలము 'ఖవాయిద్' అను ఉర్దూ మాట. దాని యర్థము నియమములు. ఆ భాషలో వ్యాకరణమునకును అదియే పేరు. కావున కవాతు పాదముల వ్యాకరణమన్నచో అతిశయోక్తి కాదు. ఆ వ్యాకరణమును కాపాడు ఉద్యోగియే అడ్జుటెంటు.

ఈ విద్య పాశ్చాత్యుల వెంట వచ్చినది. 1751 మొదలు 1758 వరకు దక్కనున నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీ దేశీయ సిపాయిలకు పాశ్చాత్య పద్ధతిని కవాతు నేర్పించెను. అట్లు శిక్షితులైన వారికి 'గార్దీ' లని పేరు. 1761లో పానిపట్టున మహారాష్ట్రుల పక్షమున పోరి మడిసిన ఇబ్రహీంఖాన్ గార్దీ అట్టి శిక్షణ పొందినవాడే. తరువాత 1786 నుండి నిజాం అలీఖాన్ కొలువున రేమాండు పటాలములను పెంచి, సుమారు 14,000 మందిని సిద్ధపరచెను. హైదరాబాదులోని మూసారాంబాగు ఆయన పేరిటనే వెలసినది. 1798 మార్చిలో ఆయన మరణింపగా, ఆ సంవత్సరమే అక్టోబరులో ఇంగ్లీషువారు ఆ పటాలముల ఆయుధములు తీసికొని వానిని రద్దు గావించిరి.

ఇంతకంటె చిత్రమైన సంగతి యొకటి కలదు. 1757లో క్లైవు చెన్నపట్టణపు సిపాయిలను వెంటగొని వంగదేశమున యుద్ధము చేసెను. ఆ సిపాయిలను అచ్చటివారు 'తెలింగా'లని పిలిచిరి. క్రమముగ ఆ పేరు ఉత్తరదేశమంతట పాకి, ఏ ప్రాంతమువాడైనను, ఏ భాషవాడైనను, ఎర్రకోటు తొడిగి కవాతు నేర్చిన ప్రతి సిపాయికిని వర్తించినది. మన దేశము పేరే కవాతు నేర్చిన యోధునికి మారుపేరైనదన్నమాట.

అడ్జుటెంటు అను మాటకు లాటిను భాషలో సహాయకుడని యర్థము. పటాలమునకు అధిపతి వేరు. అధిపతి ఆజ్ఞను లిఖితపూర్వకముగ తెలియజేయుట, ఎవరెవరు ఏ పనిపై నున్నారో దప్తరమున నిలుపుట, క్రమశిక్షణ చూచుట, కవాతు దిద్దుట ఇతని విధులు. ఊరి భూమికి పహాణీ యెట్టిదో పటాలమునకు ఇతని దప్తరము అట్టిది. నాటి సక్రమేతర అశ్వదళములలో ఈ పని చేయు దేశీయునికి 'వర్దీ మేజరు' అనియు, పదాతి దళములలో 'జమేదారు అడ్జుటెంటు' అనియు పేర్లుండెను. సైనికాధికారులను తయారుచేయు విద్యాలయములలో ఈ పదవికి మరింత బరువు కలదు. కేడెట్ల నడవడియు, వారి నడకయు రెండును ఇతని బాధ్యతలే.

ఇక నడక సంగతి. కవాతులో ఒక అంగ పొడవు 30 అంగుళములు. 'తేజ్ చల్' అన్నప్పుడు నిమిషమునకు 120 అంగలు. అనగా నిమిషమునకు 300 అడుగుల దూరము. ఈ లెక్కన గుంట భూమి యొక్క 33 అడుగుల అంచును పదమూడు అంగలు వేసి, పదునాలుగవ అంగతో దాటవచ్చును. అంగ కొలుచుటకు శిక్షకులు వృత్తలేఖిని వలె రెండు కాళ్లుగల కర్రను వాడుదురు. గృహప్రవేశమునకు మనకు కుడికాలు ముందు. కవాతున ఎడమకాలే ముందు. 'ధీరే చల్' ఇంతకంటె కష్టము. నిమిషమునకు సుమారు 70 అంగలే. చేతులూపరాదు. పాదము నేలకు తాకకముందు గాలిలో నిలకడగ సాగవలెను. వేగములో దాగిన తడబాటు మెల్లని నడకలో బయటపడును. పరుగున చదివినప్పుడు వినబడని స్వరదోషము నిదానముగ చదివినప్పుడు గురువు చెవికి తగులుట యిట్టిదే.

అడ్జుటెంటు ఎంత బిగువుగ నడచువాడో తెలుపుటకు ఒక పక్షియే సాక్షి. అస్సామున 'హర్గిలా' అని పిలువబడు పెద్ద కొంగ నిటారుగ నిలిచి, ఒక్కొక్క అడుగు కొలిచినట్లు వేయుట చూచి ఇంగ్లీషువారు దానికి అడ్జుటెంటు పక్షి యని పేరు పెట్టిరి. నవ్వులాటకు పుట్టిన పేరైనను అందొక సత్యము కలదు. ఇతరుల అడుగును దిద్దువాడు తన అడుగు తప్పరాదు.

ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయమున శిక్షణ ముగిసిన కేడెట్లు మెల్లని నడకతో పాతభవనపు మెట్లెక్కి లోనికి పోవుదురు. వారి వెనుక అడ్జుటెంటు తెల్లని గుర్రముతో సహా ఆ మెట్లెక్కును. 1926లో అప్పటి అడ్జుటెంటు బ్రౌనింగు ఇట్లు చేయగా అది ఆచారమై నిలిచినది. మన దేశమున డెహ్రాడూనులో 1932 అక్టోబరు 1న నలుబది మంది కేడెట్లతో సైనిక విద్యాలయము ఆరంభమైనది. అచ్చట శిక్షణ ముగించినవారు దాటు చివరి మెట్టునకు 'అంతిమ్ పగ్' అని పేరు. 1955 జనవరిలో ప్రారంభోత్సవము జరిగిన ఖడక్‌వాస్లా విద్యాలయపు కవాతులో అడ్జుటెంటు అశ్వారూఢుడై కనిపించును. మనకు సమీపమున, హైదరాబాదు చెంత దుండిగల్లులో, 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేను శంకుస్థాపన చేసిన వైమానిక విద్యాలయము కలదు. అచ్చట పట్టము పొందినవారు రవీంద్రుని 'ఆనందలోకే' గీతపు వరుసకు మెల్లని నడకతో సాగుచు, తమ వెనుకటి తరగతివారి మొదటి వందనము నందుకొందురు.

శాండ్‌హర్స్ట్ మెట్లపై అడ్జుటెంటు అందరికంటె చివర నుండుట గమనింపదగినది. గౌరవము ముందువారిది, చివరివాడు గడప దాటువరకు చూచుట ఇతనిది.

అయితే అడుగు సరిగ పడినంతమాత్రమున దారి సరియైనదని చెప్పరాదు. 1757లో తెలింగాల అడుగు కుంఫిణీ లాభమునకై పడినది. 1857లో అదే కవాతు నేర్చిన సిపాయిలు కుంఫిణీపై తిరుగబడి ఢిల్లీ ప్రవేశింపగా, ఆ నగరవాసులు వారినిగూడ తెలింగాలనియే పిలిచిరి. అంగ పొడవు మారలేదు. ఎవరికొరకు నడువవలెనన్న ప్రశ్నకు సమాధానము మారినది. వ్యాకరణము వచ్చినవాడు సత్యమును వ్రాయవచ్చును, అసత్యమును వ్రాయవచ్చును. అందుచేతనే నేడు సైనికాధికారి రాజ్యాంగమునకు విధేయుడనై యుందునని ప్రమాణము చేయును. డెహ్రాడూను విద్యాలయ ప్రారంభోత్సవమున చెట్‌వుడ్ సేనాని చేసిన బోధయు ఇట్టిదే: దేశక్షేమము మొదట, తన క్రింది సైనికుల క్షేమము తరువాత, తన సుఖము కట్టకడపట.

1946లో హృదయనాథ కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన సంఘము సలహాపై 1948లో చట్టము వెలువడి, ఆ సంవత్సరము జూలై 15న జాతీయ కేడెట్ దళము ఆరంభమైనది. మరుసటి సంవత్సరము బాలికలకును అందు ప్రవేశము లభించినది. నాటినుండి కవాతు అధికారుల విద్యాలయములకే పరిమితము గాక, సామాన్యుల బిడ్డలు చదువు పాఠశాలలకును కళాశాలలకును వచ్చినది. ఈ పిల్లలలో పటాలమునకు పోవువారు కొందరే. తక్కినవారు సేద్యమునకో, ఉద్యోగమునకో, వర్తకమునకో పోవుదురు. వారికిని ఈ విద్య నిరుపయోగము కాదు. తన పేరు పిలువబడకున్నను పని సాగునట్లు చూచుట, ఇతరులకు చెప్పు నియమమును తాను ముందు పాటించుట, అందరిని దాటించి తాను చివర దాటుట అడ్జుటెంటు నేర్పు పాఠములు.

ఇరువదియైదేండ్లుగ ఒక గ్రంథాలయము నిలిచినదన్నను అట్టివారి చలువయే. ప్రతి సాయంకాలము తాళము తీసి, పుస్తకములు లెక్కచూచి, పాఠకులందరు వెడలిన పిదప దీపమార్పి తలుపు వేయువాని పేరు సభలలో వినబడదు. ఊరు ముందుకు నడచుటకు ముందుండి నడుపువారెంత అవసరమో, వెనుకనుండి క్రమము కాపాడువారును అంత అవసరము.