బేరిపండు మోజు

చంద్రుడు భూమి నుండి ఊడిపడిన ముక్క అని చిన్నతనంలో ఒక పాత పుస్తకంలో చదివి, చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకానికి ఒకప్పుడు ఆసరాగా నిలిచినది ఒక బేరిపండు అని తరువాతెప్పుడో తెలిసింది. ఆ కథే ఈ టపా.

తన గురుత్వాకర్షణ చేతనే ముద్దకట్టి, తన చుట్టూ తాను తిరిగే ద్రవరాశి ఏ ఆకారంలో నిలుస్తుంది? 1687లో న్యూటన్ తన ప్రిన్సిపియాలో ఈ ప్రశ్న వేసుకొని, భూమి అంతటా ఒకే సాంద్రత గల ద్రవమైతే ధ్రువాల వద్ద సుమారు 230వ వంతు నొక్కుకొని ఉండాలని లెక్కగట్టాడు. (లోపలికి పోయేకొద్దీ సాంద్రత పెరగడం వల్ల అసలు నొక్కు 298వ వంతే.) నొక్కు ఎంత పెద్దదైనా వర్తించే కచ్చితమైన సూత్రాన్ని 1742లో మెక్లారిన్ ఇచ్చాడు. అటువంటి రాశికి నడుము గుండ్రంగానే ఉండాలని అనుకొంటూండగా, మూడు అక్షాలూ మూడు పొడవులుగా ఉన్న దీర్ఘవృత్తాభం కూడా నిలువగలదని 1834లో యకోబి చూపాడు.

1885లో పోంకరే, ఆ యకోబి ఆకారాల వరుసలో ఒకచోట బేరిపండు వంటి ఆకారం కొమ్మలా చీలుతుందని కనుగొన్నాడు. ఆ పండు మెడ క్రమంగా సన్నబడి తెగితే గ్రహమూ ఉపగ్రహమూ సిద్ధం! చంద్రుడు భూమి నుండి విడివడ్డాడని 1879లోనే ప్రతిపాదించిన జార్జ్ డార్విన్‌కు (చార్లెస్ డార్విన్ కుమారుడు) ఇంతకన్న కావలసినదేమున్నది? సుదీర్ఘమైన లెక్కలు చేసి ఆ పండు సుస్థిరమని తేల్చాడు. 1905లో రష్యా గణితవేత్త ల్యాపునోవ్ కాదన్నాడు. అటుపై జీన్స్ తిరిగి లెక్కించగా ల్యాపునోవ్ మాటే నిలిచింది.

బోర్లించిన గిన్నె నడినెత్తిన గోళీని నిలబెట్టవచ్చు. అదీ సమతాస్థితే, కాని ఊదితే జారిపోతుంది. గిన్నె అడుగున ఉన్న గోళీ కదిపినా తిరిగి తన చోటికే వస్తుంది. బేరిపండు మొదటి రకం. తీరికగా మెడ సన్నబడేంత వ్యవధి దానికి లేదు.

నన్ను బాధించేది డార్విన్ పొరపాటు కాదు. ద్రవం లోపలి ప్రవాహాలను కూడా లెక్కలోకి తీసుకొని 1860 ప్రాంతంలో డిరిక్లే, డెడెకిండ్, రీమాన్ వేసిన బాట ఈ పండు మోజులో మరుగున పడింది. శతాబ్దం తరువాత, యాభై దాటిన వయసులో, చంద్రశేఖర్ షికాగోలో లెబోవిట్జ్‌తో కలిసి ఆ బాటను తిరిగి తెరిచాడు. 1969లో గ్రంథం వెలువరించాడు. మరుసటి ఏడు, గురుత్వ తరంగాలు సైతం తిరిగే ద్రవరాశిని అస్థిరం చేయగలవని చూపాడు. వేగంగా తిరిగే న్యూట్రాన్ తారలను గురించి ఆలోచించేవారికి నేటికీ అది అక్కరకు వచ్చే పాఠం.

ఆ పాత పుస్తకం ఇంకా నా వద్దనే ఉన్నది. చంద్రుడి పేజీ అంచున పెన్సిలుతో "ల్యాపునోవ్, 1905" అని వ్రాసి పెట్టుకున్నాను.