సొంత కంప్యూటర్లలో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల భవితవ్యం

సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, ఇతరులకు పంచుకోవచ్చని లైసెన్సులోనే రాసి ఉన్న వ్యవస్థ ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్ కెర్నల్ (వ్యవస్థ మూలభాగం) దీనికి పునాదులు. సర్వర్లలో లినక్స్‌దే రాజ్యం. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉన్నది ఆ కెర్నలే. డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్‌లలో మాత్రం దాని వాటా ఎప్పుడూ స్వల్పమే. వాడకం కష్టం కాబట్టే అనేవారున్నారు. అందులో కొంత నిజం ఉన్నా, అసలు కారణం వేరు: ఎక్కువమంది ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోరు, కొన్న యంత్రంలో ఏది ఉంటే దానితోనే సరిపెట్టుకుంటారు. 2007లో అసుస్ తన చిన్న ల్యాప్‌టాప్ ఈ పీసీని లినక్స్‌తో అమ్మితే జనం బాగానే కొన్నారు. మైక్రోసాఫ్ట్ అలాంటి యంత్రాలకు విండోస్ ఎక్స్‌పీని కొనసాగించగానే తయారీదారులు అటు మళ్లారు, వారి వెంటే కొనుగోలుదారులూ.

మరి జర్మనీలోని మ్యూనిక్ సంగతేమిటని అడగవచ్చు. ఆ నగరపాలక సంస్థ దాదాపు 15,000 కంప్యూటర్లను లినక్స్‌కు మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది. అయితే 2014లో మేయర్ మారాక ఆ పథకానికి పైనుంచి అండ తగ్గిందన్నది మరువరాదు. అదే కేరళ ప్రభుత్వ బడుల్లో ఉపాధ్యాయుల శిక్షణ, ఐటీ పాఠ్యపుస్తకాలు రెండూ లినక్స్ మీదే నడిచాయి. అక్కడ అది నిలిచింది.

అప్లికేషన్లు లేవన్నది ఇంకా గట్టి అభ్యంతరం. పేజ్‌మేకర్, అను ఫాంట్లకు అలవాటుపడిన తెలుగు డీటీపీ సెంటర్‌కు లినక్స్ ఉచితమని చెప్పి ప్రయోజనం లేదు. కానీ బ్యాంకు పని, ఉత్తరప్రత్యుత్తరాలు బ్రౌజర్‌లోకి చేరిపోయాయి. 2018లో వచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ విండోస్ ఆటలను లినక్స్‌పై ఆడిస్తోంది. 2022 నాటి చేతి గేమింగ్ యంత్రం స్టీమ్ డెక్ కొన్నవారిలో చాలామందికి లోపల లినక్స్ ఉందన్న ధ్యాసే ఉండదు. అయితే ఆటల్లో మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్ అడ్డుపడి కొన్ని ఆటలు నేటికీ నడవవు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం లేని పాత యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా అందదు. లినక్స్‌కు ఇది మంచి అదను, కానీ ఎక్కించి ఇచ్చే చేయి కావాలి. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ రూపొందించిన హైదరాబాద్ స్వేచ్ఛ వంటి సంస్థలకూ, వీధి చివరి రిపేరు షాపులకూ పని అక్కడుంది. ఆ పని కంపెనీలకే వదిలితే క్రోమ్‌బుక్ దారి పట్టవచ్చు: కెర్నల్ లినక్సే, అప్‌డేట్లు ఎన్నాళ్లు వస్తాయో చెప్పేది మాత్రం గూగుల్.