చించివేసిన ఉత్తరం



సంఘంలో తగవు పెట్టేవాడు చాలాసార్లు కొత్త మాటేమీ పుట్టించడు. ఉన్న మాటనే ఈ ఇంటి నుండి ఆ ఇంటికి మోస్తాడు. కొండెములు చెప్పేవాడు లేకపోతే జగడం కట్టెలు లేని పొయ్యిలా ఆరిపోతుందని సామెతలు 26:20 మనకు నేర్పిస్తుంది. అలాంటి కట్టెలు చేతికి వచ్చినప్పుడు ఒక దైవజనుడు ఏం చేశాడో చూద్దాం.

జాన్ వెస్లీ, జార్జ్ విట్‌ఫీల్డ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న నాటి నుండి ప్రార్థన స్నేహితులు. విట్‌ఫీల్డ్ పదకొండేళ్లు చిన్నవాడు. అయినా 1739లో బ్రిస్టల్‌లో ఆరుబయట ప్రసంగించడానికి వెస్లీని పిలిచింది ఆయనే. అదే ఏడాది వారి మధ్య భేదం వచ్చింది. రక్షణకు దేవుడు కొందరినే ముందుగా ఏర్పరచుకున్నాడని విట్‌ఫీల్డ్ నమ్మాడు. కృప అందరికీ ఉచితమని వెస్లీ ప్రసంగించాడు. అచ్చు వేయవద్దని విట్‌ఫీల్డ్ బతిమాలినా వెస్లీ ఆ ప్రసంగాన్ని అచ్చు వేయించాడు.

తర్వాత విట్‌ఫీల్డ్ వెస్లీకి రాసుకున్న ఒక సొంత ఉత్తరం ఎవరి చేతికో చిక్కింది. ఇద్దరి అనుమతీ లేకుండా దాన్ని అచ్చు వేయించారు. 1741 ఫిబ్రవరి 1, ఆదివారం. లండన్‌లో ఒకప్పటి ఫిరంగుల కార్ఖానాలో వెస్లీ సంఘం కూడుకునేది. ఆ రోజు గుమ్మం దగ్గరా, లోపలా ఆ ప్రతులు పంచిపెట్టారు.

వెస్లీకి జవాబు చెప్పే అవకాశం ఉంది, జనమూ ఆయన వైపే ఉన్నారు. కానీ ప్రసంగం ముగిశాక ఆయన జరిగింది చెప్పి, విట్‌ఫీల్డ్ ఇక్కడ ఉంటే ఏం చేసేవాడో నేనూ అదే చేస్తానని అందరి ముందు ఆ ప్రతిని చించివేశాడు. ప్రతులు అందుకున్న వారందరూ అలాగే చేశారు. రెండు నిమిషాల్లో ఒక్కటి కూడా మిగలలేదు.

అంతటితో అంతా సర్దుకుపోలేదు. ఆ ఏడాదే ఇద్దరి పరిచర్యలూ వేరయ్యాయి. వెస్లీ తన బోధ మార్చుకోలేదు, విట్‌ఫీల్డ్ కూడా మార్చుకోలేదు. కానీ స్నేహం తిరిగి కుదిరింది. 1770 సెప్టెంబరు 30న విట్‌ఫీల్డ్ అమెరికాలో ప్రభువునందు నిద్రించినప్పుడు, ఆయన కోరిక ప్రకారమే లండన్‌లో సంతాప ప్రసంగం చేసింది వెస్లీ. ఆ ప్రసంగంలో పాత వివాదాన్ని తవ్వలేదు.

ప్రియులారా, మన పల్లె సంఘాల్లోకి ఇప్పుడు అచ్చు కాగితం రాదు. ఒకరు ఒకరికి పంపిన వాయిస్ మెసేజ్ వాట్సాప్‌లో పది ఇళ్లు తిరిగి మన ఫోనుకు వస్తుంది. అయ్యగారూ, మీ గురించి ఏమన్నారో వినండి అని తెచ్చేవారు ఉంటారు. అప్పుడు వెస్లీ ప్రశ్నే వేసుకుందాం: ఆ సహోదరుడు ఇప్పుడు మన ఎదురుగా ఉంటే ఈ మాట ఇలా తిరగాలని కోరుకుంటాడా? కోరుకోడనిపిస్తే అది మన దగ్గరే ఆగిపోవాలి. అడగవలసింది ఉంటే ఆయన ఇంటికే వెళ్లి అడుగుదాం.

సత్యాన్ని విడిచిపెట్టమని వాక్యం చెప్పదు. ప్రభువు దాసుడు జగడమాడక, ఎదిరించేవారికి సాత్వికముతో బోధించాలని 2 తిమోతి 2:24, 25 చెబుతుంది. జగడగొండి మారతాడో లేదో మన చేతిలో లేదు. అతని కట్టెను మన పొయ్యిలో పెట్టకుండా ఉండడం మన చేతిలోనే ఉంది.

ప్రభువు మనకు అట్టి కృప దయచేయును గాక. ఆమేన్.