తెల్లన్నం తెచ్చిన జబ్బు

మా ఇంట్లో రోజూ రెండు గిన్నెల్లో అన్నం వండుతారు. ఒకటి మాకు, ఉప్పుడు బియ్యంతో. రెండోది నానమ్మకు, పచ్చిబియ్యంతో. నానమ్మ తుని వైపు నుంచి పెళ్లయి చెన్నై వచ్చి యాభై ఏళ్లు దాటింది. అయినా ఉప్పుడు బియ్యం అన్నం ముట్టదు. "కుడితి వాసన, నేను తినను" అంటుంది. ఈ గొడవ మా ఇంటిదే అనుకున్నాను. దీని వెనుక పెద్ద చరిత్రే ఉందని సైన్సు పాఠంలో బెరిబెరి గురించి చదివాక తెలిసింది.

బెరిబెరి వస్తే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక పోతుంది. కొందరికి ఒళ్లు వాచి గుండె ఆగిపోతుంది. పాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్నది మన తెలుగు తీరంలోనే, అంటే ఉత్తర సర్కారుల్లో. తమిళ జిల్లాల్లో చాలా తక్కువ. ప్రభుత్వం ఒకటే, అందరూ తినేదీ అన్నమే. మరి తేడా ఎక్కడ?

తేడా తవుడులో ఉంది. రోకటితో దంచితే ఊక పోతుంది గాని తవుడు కొంత బియ్యాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. మరలు వచ్చాక బియ్యం మల్లెపూవులా తెల్లగా వచ్చింది. అందరికీ అదే నచ్చింది. తవుడు గేదెల తొట్టిలోకి పోయింది, దాంతోపాటే బి1 విటమిన్ కూడా పోయింది. మిగిలిన కాస్తా బియ్యం కడిగిన నీళ్లలో, వార్చిన గంజిలో పోయేది. పప్పు, కూరలు బాగా తినేవాళ్లకు పరవాలేదు. అన్నం, పచ్చిమిరపకాయతో సరిపెట్టుకునే పేదవాళ్లకే ప్రమాదం. తమిళ జిల్లాల్లో వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి మరకు వేసేవారు. ఉడికేటప్పుడు తవుడులోని విటమిన్ గింజ లోపలికి చేరుతుంది. తర్వాత ఎంత పాలిష్ పట్టినా అది మొత్తం పోదు. జబ్బు రాకూడదని ఎవరూ అలా చేయలేదు. అది వాళ్ల అలవాటు, అంతే.

ఈ రహస్యం మొదట బయటపడింది జావాలో, అదీ కోళ్ల వల్ల! 1890ల్లో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు దగ్గరున్న కోళ్లకు బెరిబెరి లాంటి జబ్బే వచ్చింది. వాటికి సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం పెట్టేవారు. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నం కోళ్లకు ఇవ్వనన్నాడు. ముడిబియ్యం వేయడం మొదలుపెట్టారు, కోళ్లు లేచి తిరిగాయి. అయితే తెల్లబియ్యంలో ఏదో విషం ఉందని ఐక్‌మన్ అనుకున్నాడు. విషం కాదు, ఉండాల్సినది ఏదో లేదని 1901లో చెప్పింది ఆయన తర్వాత అక్కడ పనిచేసిన గ్రైన్స్. 1929లో నోబెల్ బహుమతి మాత్రం ఐక్‌మన్‌కే ఇచ్చారు, ఇంకో శాస్త్రవేత్తతో కలిపి. ఇది నాకు న్యాయంగా అనిపించలేదు. వంటవాడి సంగతి సరేసరి.

ఆ విటమిన్‌ను 1936లో ప్రయోగశాలలో తయారు చేసిన రాబర్ట్ విలియమ్స్ పుట్టింది ఎక్కడో తెలుసా? మన నెల్లూరులో, 1886లో. తల్లిదండ్రులు అమెరికా మిషనరీలు. తమిళంలో నెల్లు అంటే వడ్లు కదా, ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది.

మన దేశంలో ఈ పని 1918లో కూనూరులో మొదలైంది. మెక్‌కారిసన్ అనే డాక్టరు అక్కడి పాశ్చర్ సంస్థలో ఒక గదిలో బెరిబెరి పరిశోధన ప్రారంభించాడు. అదే పెరిగి, 1958లో హైదరాబాదుకు మారి, ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. మెక్‌కారిసన్ తర్వాత కూనూరులో ఉన్న ఐక్రాయిడ్, ఆయనతో పనిచేసినవాళ్లు సర్కారుల్లో పసిపిల్లల మరణాలను కూడా పరిశీలించారు. తల్లికి బి1 చాలకపోతే పాలలోనూ ఉండదు. బిడ్డ రెండు మూడు నెలలకే జబ్బు పడుతుంది. గొంతు పోయి, ఏడ్చినా శబ్దం రాదు.

ఇది నానమ్మకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తనకంటే ముందు పుట్టిన ఇద్దరు అన్నలు మూడో నెలలోనే పోయారట. "రెండోవాడు నోరు తెరిచి ఏడ్చేవాడంట, గొంతే పెగిలేది కాదని మా అమ్మ చెప్పేది. దిష్టి తగిలిందన్నారు" అంది. బాలింతకు పథ్యమని వాళ్లమ్మకు తెల్లన్నం, చారు మాత్రమే పెట్టేవారట. అది బెరిబెరే అని నేను అనలేను, డాక్టరు ఎవరూ చూడలేదు. కానీ ఆ పేజీ మళ్లీ చదవమని నానమ్మే అడిగింది.

మర్నాడు పొద్దున ఇడ్లీ తింటుంటే, ఇడ్లీరవ్వ ఉప్పుడు బియ్యంతోనే చేస్తారని చెప్పాను. "నాకు తెలీదనుకున్నావా?" అని ఇంకో ఇడ్లీ వేయించుకుంది. మధ్యాహ్నానికి మాత్రం అమ్మ మళ్లీ రెండు గిన్నెలూ పొయ్యి మీద పెట్టింది. కాకపోతే నానమ్మ బియ్యాన్ని ఇప్పుడు ఒక్కసారే కడుగుతోంది, గంజి వార్చడం లేదు.