డెస్క్‌టాప్ (కంప్యూటర్)

కంప్యూటర్ ఆన్ చేసి పాస్‌వర్డ్ కొట్టాక స్క్రీన్ నిండా పరుచుకునే మొదటి దృశ్యమే డెస్క్‌టాప్. ఆదేశాలు టైప్ చేసే అవసరం లేకుండా బొమ్మలు, విండోలు, మెనూలతో పని చేయించుకునే గ్రాఫికల్ పద్ధతికి ఇది కేంద్రం. బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్‌నూ డెస్క్‌టాప్ అనే అంటారు. ఈ వ్యాసం స్క్రీన్ మీది డెస్క్‌టాప్ గురించి. దాని మీద కనిపించేవాటిలో కొన్ని అసలు ఫైళ్లు, కొన్ని వాటికి దారి చూపే గుర్తులు. ఆ తేడా తెలియకే కొత్తవాళ్లు చాలాసార్లు ఫైళ్లు పోగొట్టుకుంటారు.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1964లో తయారుచేసిన తొలి మౌస్ ఓ చెక్క డబ్బా. అడుగున రెండు చక్రాలు, పైన ఒక్కటే బటన్. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను సభికుల ముందు వాడి చూపించారు. జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో 1973లో ఈ గ్రాఫికల్ పద్ధతిలో మౌస్‌తో పనిచేసే ఆల్టో కంప్యూటర్ తయారైంది. ఆఫీసు బల్ల, దాని మీద కాగితాలు, ఫోల్డర్లు అనే ఊహను అమ్మకానికి తెచ్చింది మాత్రం అదే సంస్థ 1981లో విడుదల చేసిన స్టార్. 1984లో ఆపిల్ మెకింటాష్ ఈ ఊహను మామూలు జనం దగ్గరికి చేర్చింది. 1985 నాటి తొలి విండోస్‌లో ప్రోగ్రామ్‌ల విండోలు పక్కపక్కనే సర్దుకోవాల్సిందే. ఒకదాని మీద ఒకటి పడే వీలు 1987లో రెండో వెర్షన్‌తో వచ్చింది. స్క్రీన్ అడుగున ఉండే టాస్క్‌బార్, దాని మీది స్టార్ట్ బటన్ విండోస్ 95తో మొదలయ్యాయి. లినక్స్‌లో గ్నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. వీటి మెనూలు తెలుగులోనూ దొరుకుతాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ కోసం పనిచేసింది.

డెస్క్‌టాప్ మీది చిన్న బొమ్మ పేరు ఐకాన్. విండోస్‌లో దాని మూలన వంపు బాణం కనిపిస్తే అది షార్ట్‌కట్. అసలు ఫైలు మరెక్కడో ఉంటుంది. షార్ట్‌కట్‌ను డిలీట్ చేసినా అసలు ఫైలుకు ఏమీ కాదు. తిరకాసు ఇంకోచోట ఉంది. ప్రింటు తీయించుకోవాలని షార్ట్‌కట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని డీటీపీ షాపుకు వెళ్తే, అక్కడి సిస్టమ్‌లో అది తెరుచుకోదు. పట్టుకెళ్లింది ఒకటి రెండు కేబీల గుర్తును. ఫైలు ఇంట్లోనే ఉండిపోయింది.

విండోస్‌లో డెస్క్‌టాప్ కూడా ఒక ఫోల్డరే. సాధారణంగా సి డ్రైవ్‌లో, యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల ఉంటుంది. కళ్ల ముందుంటాయి కదా అని పిల్లల మార్కుల మెమోలు, పెళ్లి ఫొటోలు అక్కడే పేర్చుకునేవాళ్లు ఎక్కువ. రిపేరుకిచ్చినప్పుడు మెకానిక్ సి డ్రైవ్ ఫార్మాట్ చేస్తే డి డ్రైవ్‌లోనివి మిగులుతాయి, ఇవి పోతాయి. ఇచ్చే ముందే ఆ సంగతి చెప్పుకోవడం మంచిది.

తెరిచిన ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక విండో ఉంటుంది. పైఅంచున ఉండే టైటిల్ బార్‌ను పట్టుకుని విండోను జరపవచ్చు. మినిమైజ్ చేస్తే విండో టాస్క్‌బార్‌లోకి దిగుతుంది గానీ ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది. మ్యాక్‌లో ఎర్ర బటన్ నొక్కి విండో మూసినా చాలా ప్రోగ్రామ్‌లు ఆగవు. మెనూలో ఒక మాట పక్కన మూడు చుక్కలుంటే, దాన్ని నొక్కాక ఇంకో ప్రశ్న ఎదురవుతుందని అర్థం. ఆ ప్రశ్న అడిగే చిన్న విండోయే డైలాగ్ బాక్స్. కొన్ని డైలాగ్ బాక్సులు జవాబిచ్చేదాకా వెనక ఉన్న విండోను ముట్టుకోనివ్వవు. సిస్టమ్ హ్యాంగ్ అయిందని కంగారుపడేవాళ్లు ముందుగా వెతకాల్సింది ఇలాంటి బాక్సు ఎక్కడైనా దాక్కుందా అని.

క్లిక్, డబుల్ క్లిక్, రైట్ క్లిక్ అలవాటైపోతాయి. ఫైలును మౌస్‌తో లాగడమే, అంటే డ్రాగ్ చేయడమే, కాస్త చిక్కు. విండోస్‌లో ఒకే డ్రైవ్ లోపల లాగితే ఫైలు పాత చోటు వదిలి కొత్త చోటికి పోతుంది. వేరే డ్రైవ్‌లోకి లాగితే కాపీ అవుతుంది. రైట్ బటన్ నొక్కి పట్టి లాగితే, వదిలిన చోట ఏం చేయమంటావని అదే అడుగుతుంది. అనుమానం ఉన్నవాళ్లకు అదే నయం.

కాపీ చేసినదాన్ని తాత్కాలికంగా ఉంచుకునే చోటు క్లిప్‌బోర్డ్. మామూలుగా అందులో చివరిగా కాపీ చేసినదే ఉంటుంది. విండోస్ 10లో 2018 నుంచి పాతవాటినీ చూసుకునే వీలుంది. ముందుగా ఆ సదుపాయాన్ని ఆన్ చేసుకోవాలి. డీటీపీ పనిలో వాడే ‘అను’ ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు వాక్యాన్ని కాపీ చేసి ఈమెయిల్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తాయి. అక్షరం వెనక ఉన్న కోడ్ ఇంగ్లిషుదే. దాన్ని తెలుగులా చూపించేది ఆ ఫాంటు. తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లున్న యూనికోడ్‌లో టైప్ చేసినదానికి ఈ బాధ లేదు.

డిలీట్ చేసిన ఫైలు విండోస్‌లో రీసైకిల్ బిన్‌కు, మ్యాక్‌లో ట్రాష్‌కు చేరుతుంది. ఖాళీ చేసేదాకా వెనక్కి తెచ్చుకోవచ్చు. విండోస్‌లో పెన్‌డ్రైవ్ నుంచి డిలీట్ చేసినవి, షిఫ్ట్ నొక్కి పట్టి డిలీట్ చేసినవి మాత్రం బిన్‌లోకి రావు.